మిల్లుకీ మా ఇంటికీ ఒకే నంబరు

మా మిల్లు యజమానికి తొమ్మిది కలిసొస్తుంది. ఆ మాట ఎవరు చెప్పారో గానీ, ఆయన లారీల నంబర్లు కూడితే తొమ్మిది, ఫోన్ నంబరు కూడితే తొమ్మిది. పత్తిలోంచి గింజ తీసే కొత్త జిన్నింగ్ మిషను స్విచ్ వేసింది తొమ్మిదో తారీకు తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకి. సరిగ్గా ఆ వేళకి కరెంటు పోతే జనరేటర్ వేయించి మరీ నొక్కారు. ఆఫీసులో ఇంటర్నెట్ రౌటర్ పెట్టేటప్పుడు కూడా, కంప్యూటర్లకిచ్చే నంబర్లలో చుక్కల మధ్య వచ్చే మూడో అంకె మన ఇష్టమేనని తెలుసుకుని తొమ్మిదే పెట్టమన్నారు. అలా మిల్లులో ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ, ప్రింటర్‌కీ, గేటు కెమెరాకీ 192.168.9 అని మొదలయ్యే నంబరు వచ్చింది.

నేను అక్కడ డిస్పాచ్ గుమస్తాని. మిల్లు ఎడ్లపాడు పక్కన, నా ఇల్లు నరసరావుపేటలో. ఏ లారీకి ఎన్ని పత్తి బేళ్లు ఎక్కాయి, వాటి నంబర్లేంటి, ఎటు పోతున్నాయి, ఇవన్నీ రాసి కాగితాలు చేతికిచ్చి లారీని గేటు దాటించడం నా పని. ఇరవై ఆరేళ్లుగా ఇదే. ఇప్పటి యజమాని అప్పట్లో నిక్కరేసుకుని బేళ్ల మీద ఎగిరేవాడు. ఆయన నన్ను బాబాయ్ అంటాడు, నేను బాబూ అంటాను.

మాకు పిల్లల్లేరు. నా భార్య పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలని టీవీకి నెట్టు పెట్టించుకున్నాను. రౌటర్ బిగించడానికి వచ్చినతను ఏ నంబరూ అడగలేదు. నేనే గొప్పకి పోయి, "మా మిల్లులో మూడో అంకె తొమ్మిది, నాకూ అదే పెట్టు" అన్నాను. అతను నవ్వి పెట్టేశాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదేనని అప్పుడు నాకు తట్టలేదు.

మొన్నటి పత్తి సీజన్‌లో ఇంటి మెట్ల మీద జారి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను. రెండు నెలలు బస్సెక్కొద్దన్నాడు డాక్టరు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నప్పుడు నాకు కాలి నొప్పి కంటే భయం ఎక్కువేసింది. రెండు నెలలంటే మాటలా? నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు. వాళ్లు పని నేర్చుకుంటారు. ఆ తర్వాత పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని వెళ్లడానికి నాకంటూ ఒక చోటు ఉండదు. ఇంతకు మించి నాకే భయమూ లేదు.

యజమాని మంచివాడు. మూడో రోజే లారీ డ్రైవర్‌తో ల్యాప్‌టాప్ పంపించాడు. ఇంట్లో కూర్చుని నెట్టు మీద మిల్లు కంప్యూటర్‌లోకి వెళ్లే దారి ఒకటుంది, వీపీఎన్ అంటారు. అది కూడా పెట్టించాడు. నొక్కితే కనెక్టయిందని పచ్చగా చూపించేది. బేళ్ల ఫైలు తెరవబోతే మాత్రం గుండ్రంగా తిరగడమే. రెండు రోజులు నొక్కాను. ల్యాప్‌టాప్‌ని తిట్టాను, నెట్టు కంపెనీని తిట్టాను, చివరికి నా కాలినీ తిట్టాను. ఫైలు తెరుచుకోలేదు.

మూడో రోజు చిలకలూరిపేట నుంచి కంప్యూటర్ మెకానిక్ ఫోన్ చేశాడు. చుట్టుపక్కల మిల్లులన్నిటికీ కంప్యూటర్లూ కెమెరాలూ చూసేది అతనే. నలభై దాటిన మనిషి, మాట కాస్త కరుకు.

"అన్నా, మీ ఇంట్లో రౌటర్ నంబరెంత?"

"నూటతొంభైరెండు, నూట అరవై ఎనిమిది, తొమ్మిది, ఒకటి."

"మిల్లులో కూడా తొమ్మిదేగా!"

"అవును. చూసే పెట్టించుకున్నా," అన్నాను, కొంచెం గర్వంగానే.

అతను నుదురు కొట్టుకున్న చప్పుడు ఫోన్లో వినపడింది.

"అదే కొంప ముంచిందన్నా. మిల్లు కంప్యూటర్ తొమ్మిదిలో ఉండాది. నీ ల్యాప్‌టాప్ కూడా తొమ్మిదిలోనే ఉండాది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నామనుకుని అది మీ ఇంట్లోనే వెతుకుద్ది. గడప దాటదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, ఇది దానికి తిరగేసి. పిల్ల ఊళ్లో ఉంటే ఇది చంకలోనే వెతుకుతా కూర్చుంది."

అర్థమైంది. నాకు ఇంకా ఎక్కువే అర్థమైంది. వంటింట్లో నా భార్య ఇంకా ఉందనుకుని నేను ఎన్నిసార్లు ముందు గదిలోంచి మంచినీళ్లు అడగలేదు?

"అయితే మిల్లులో నంబరు మార్చు," అన్నాను.

"అమ్మో, నాతో గాదు. కాటా కంప్యూటరు, కెమెరాలు, ప్రింటర్లు, అన్నిటికీ ఆ నంబర్లే బిగించా. ఒక్కోదాన్నీ పట్టుకుని మార్చుకుంటా పోతే రోజంతా లోడింగ్ ఆగిపోద్ది. అయినా మీ బాబు తొమ్మిదిని వదుల్తాడా? నీదే మార్చుకో. మీ ఇంట్లో ఏముంది, ఒక టీవీ, ఒక ఫోను."

అతను అన్నది మిషన్ల లెక్క. తప్పేం లేదు. అయినా ఆ మాట విన్నాక ఇంట్లో ఒకసారి చుట్టూ చూసుకున్నాను. నిజమే, ఒక టీవీ, ఒక ఫోను.

"ఏ నంబరు పెడదాం అన్నా? సున్నా, ఒకటీ వద్దు. సగం చోట్ల అయ్యే ఉంటయ్, ముందు ముందు మళ్లా ఇదే గొడవ. ఇంకేదైనా చెప్పు."

రేపు చెబుతానన్నాను. అతను నవ్వాడు గానీ, నాకు నిజంగానే తోచలేదు. తొమ్మిది మా యజమానిది. నాది ఏది? పుట్టినరోజును బట్టి చూసుకోవాలట. నా పుట్టినరోజు సర్టిఫికెట్‌లో జులై ఒకటి. బళ్లో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు అందరికీ వేసిన తారీకే నాకూ వేశాడు. అసలు రోజు మా అమ్మకి కూడా గుర్తులేదు, పత్తి తీతలప్పుడు పుట్టావనేది. పత్తి తీతలు మూడు నెలలు సాగుతాయి. అరవైకి దగ్గరపడుతున్న మనిషికి తనకంటూ ఒక అంకె లేదని ఆ రాత్రి తెలిసింది, నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నా భార్య ఉంటే, "ఏదో ఒకటి పెట్టి అన్నానికి రండి" అని ఉండేది. పొద్దున్నే క్యాలెండర్ చూస్తే ఇరవై మూడో తారీకు. ఇరవై మూడు పెట్టమందామనుకున్నాను.

మెకానిక్ పదింటికి ఫోన్ చేసి, చెప్పినట్టు చెయ్యమన్నాడు. ల్యాప్‌టాప్‌లో రౌటర్ నంబరు కొట్టాను. రౌటర్ తిరగేసి కింద చీటీ మీదున్న పాస్‌వర్డ్ చదవడానికి కళ్లజోడు వెతుక్కున్నాను. ల్యాన్ అని ఉన్నచోట నొక్కి, తొమ్మిది తీసి ఇరవై మూడు రాశాను. దాని కింద మిగతా వాటికి పంచే నంబర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని ఉంటుంది, అక్కడ కూడా ఇరవై మూడే రాయించాడు. సేవ్ నొక్కాను.

పేజీ బిగుసుకుపోయింది. రౌటర్ మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

"చచ్చిపోయిందయ్యా!" అన్నాను.

"చావలా. ఆ పేజీ ఉన్న నంబరునే మార్చేశాంగా, ఇంక అక్కడ ఏం తెరుచుకుద్ది? ఐదు నిమిషాలు ఆగు. తర్వాత వైఫై ఒకసారి ఆపి, మళ్లా వెయ్యి."

ఆ ఐదు నిమిషాలూ అతను ఫోన్ పెట్టెయ్యలేదు. వాళ్ల ఊళ్లో మిర్చి ఎలా ఉందో అడిగాను. తామర పురుగు తినేసిందని చెప్పాడు. పిల్లల చదువులడిగాను. దీపాలు వెలిగాయి. వైఫై ఆపి వేశాను, వీపీఎన్ నొక్కాను, బేళ్ల ఫైలు ఒక్క దెబ్బకి తెరుచుకుంది. తెరుచుకుందని అతనికి వెంటనే చెప్పలేదు. ఇంకా తిరుగుతోందని చెప్పి, అతని పెద్దకూతురి ఇంటర్ మార్కులు కూడా విన్నాక అప్పుడు చెప్పాను. అబద్ధమే. కానీ నా భార్య పోయాక నాతో ఎవరూ ఒక్క బిగిన అంతసేపు మాట్లాడలేదు.

ఇక పనిలో పడ్డాను. నా బదులు కాటా ఆపరేటర్ రాసిన లిస్టు తప్పుల తడక. చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అన్నీ దిద్దాను. లారీ లోడవగానే అక్కడ ప్రింటర్‌లోంచి కాగితాలు వచ్చేట్టు ఇక్కణ్ణుంచే నొక్కేవాణ్ణి. గేటు కెమెరా కూడా కనపడేది. డ్రైవర్లు దిగి వాచ్‌మన్‌తో ఏదో అనేవాళ్లు, వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మాట వినపడదు. ఏ జోకో తెలియక నేను స్క్రీన్‌కి దగ్గరగా జరిగేవాణ్ణి.

రెండు నెలల్లో ఒక్క లారీ కూడా నా వల్ల ఆగలేదు. కట్టు విప్పిన రోజు సాయంత్రం యజమానికి ఫోన్ చేశాను.

"బాబూ, కాలు బాగయింది. సోమవారం నుంచి వస్తా."

"ఎందుకు బాబాయ్? రెండు బస్సులు మారి ఈ వయసులో ఆ తిప్పలేంది? ఇంట్లో కూర్చునే చానా బాగా చేస్తన్నావు. ఒక్క తప్పు లేదు. జీతం జీతమే. నువ్విక రానక్కర్లా, హాయిగా ఉండు."

ఆయన ప్రేమగానే అన్నాడు. అలా ప్రేమగా అన్నప్పుడు ఎదురు చెప్పడానికి ఏముంటుంది? సరే బాబూ అన్నాను. ఫోన్ పెట్టేసి మంచం మీద అలాగే కూర్చున్నాను. పని పోతుందని భయపడ్డాను, పని పోలేదు. మనుషులు పోయారు. పని ఎక్కడ పోతుందోనని నేను అంత చక్కగా చేశాను గదా, దానికిది బహుమానం.

నెల రోజులు ఓర్చుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, మంచం పక్కనున్న టేబుల్ దాకా వెళ్లేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నోరు తెరవలేదని పాలవాడు పిలిస్తే తెలిసింది. "ఏందీ" అనబోతే గొంతులోంచి మాట సరిగ్గా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం రౌటర్ పేజీ తెరిచాను. ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై మూడు కొట్టేసి తొమ్మిది రాశాను. రెండు నిమిషాల పని. దీపాలు ఆరి వెలిగాయి. ఫైలు తెరవబోతే గుండ్రంగా తిరగడం మొదలైంది. బళ్లో కూడా నేను ఇలాంటి పని చెయ్యలేదు.

యజమానికి ఫోన్ చేసి, నెట్టులో ఏదో తేడా వచ్చింది, రేపు లోడింగుంది గనక నేనే వచ్చి చూసుకుంటానన్నాను. పావుగంటలో మెకానిక్ ఫోన్ చేశాడు.

"ఏందన్నా, ఏమయింది? రౌటర్‌కి ఎవరూ చెయ్యి పెట్టలేదుగా?"

నేను గుడ్డ తీసుకుని రౌటర్ మీద దుమ్ము తుడవసాగాను.

"ఇప్పుడు నంబరెంతుందో చూసి చెప్పు."

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "తొమ్మిది," అన్నాను.

దులిపేస్తాడనుకున్నాను. అతను గొంతు సవరించుకున్నాడు.

"సరేలే అన్నా. చూడ్డానికి నాకు రెండ్రోజులు తీరదని బాబుకి చెప్తా. రేపెళ్లిరా."

పొద్దున ఏడింటి బస్సెక్కాను. చిలకలూరిపేటలో మారి మిల్లు ముందు దిగాను. దూది పొట్టు ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది, ఆ తుమ్ముకే నాకు ప్రాణం లేచొచ్చింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి సంచి అందుకున్నాడు. ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు. కాలెలా ఉందని ఒకరు, చిక్కిపోయావని ఒకరు. నా టేబుల్ ఉన్నచోట పత్తి శాంపిళ్ల సంచులు దొంతర పెట్టి ఉన్నాయి. టేబుల్ కాటా గదిలోకి పోయిందన్నారు. కాటా ఆపరేటర్ సిగ్గుపడుతూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గోడ పక్కన వేశాడు. యజమాని వచ్చి, "చెప్పినా వినవు గదా బాబాయ్" అని భుజం మీద చెయ్యేసి, ఫోనొస్తే బయటికి వెళ్లాడు. నేను చెయ్యాల్సిన కాగితాలు అప్పటికే ఆపరేటర్ చేసేశాడు. చూశాను. ఒక్క తప్పు లేదు.

పదకొండింటికి టీ వచ్చింది. మా ఆఫీసులో పనిచేసేవాళ్లకి టీ గాజు గ్లాసుల్లో ఇస్తారు. పింగాణీ కప్పూ సాసరూ తీసేది పత్తి కొనడానికి వచ్చిన సేట్లకీ, చుట్టాలకీ. ఎవరికేది ఇవ్వాలో టీ తెచ్చే ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె వచ్చి పదేళ్లయింది, నన్ను ఏకవచనంలోనే పిలిచేది. "ఏందన్నా, తాగి గ్లాసియ్యి, నాకవతల పనుంది" అని నా నెత్తిన నిలబడేది.

ఆ రోజు ట్రేలో ఐదు గ్లాసులున్నాయి, ఒక కప్పుంది. గ్లాసులు తలా ఒకటి తీసుకున్నారు. ఆమె కప్పుని సాసర్‌లో సర్ది రెండు చేతులతో నాకందించి, "పంచదార సరిపోయిందేమో చూడండి," అంది.