మామ చెప్పిన గోధుమ బీరు

ఈ ప్రయాణం ఒక ఫోన్‌తో మొదలైంది. దేవరకొండ అవతల గుట్టల కింద గొర్రెలు కాసుకుంటూ, ఉన్న కాస్త చెల్కలో కందులూ ఆముదాలూ వేసుకుని బతికే సాయిలు మామ, మా అమ్మకు స్వయానా తమ్ముడు, మొన్న ఎండాకాలం మొదట్లో ఫోన్ చేశాడు. "అల్లుడా, గప్పుడు నువ్వు పట్నంల తాపిన గోధుమ బీరు గిప్పుడు దేవరకొండ వైన్సులల్ల గూడ దొరుకుతాందంట గదా! జర పట్కరా. గీ నర్సయ్య బావ నోరు మూయించాలె" అన్నాడు.

ఈ పంతం వెనుక కథ చెప్పాలి. ఆరేడేళ్ల కింద కంటి ఆపరేషన్‌కు మామ హైదరాబాద్ వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. దవాఖానలో ఇక ఫికర్ లేదన్నాక, ఒక సాయంత్రం ఆయన్ని ఓ చిన్న జాగాకు తీసుకెళ్లాను. అక్కడ బీరు వాళ్లే తయారుచేసి పోసేవాళ్లు. గోధుమ బీరు కల్లులాగే మబ్బుగా, పైన బెత్తెడు నురుగుతో వచ్చింది. మామ తాగకముందే వాసన చూసి, "మాగిన అరటిపండు తీర్గున్నది అల్లుడా, దాంట్ల జర లవంగం గూడ" అన్నాడు. అరటిపండూ లేదు, లవంగమూ లేదు. మంచి గోధుమ బీరు పులిస్తే వచ్చే వాసనే అది. ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. పట్టడా మరి! ఊళ్లో మండువలో, అంటే తాటిచెట్ల కింద కల్లు పోసే చోట, మొదటి గుక్క మామదే. ఆయన తాగి తల ఊపితేనే మిగతావాళ్లు కల్లు పోయించుకునే తాటాకు దొప్ప, ఆకు, పడతారు.

అప్పటి నుంచి మండువలో కూర్చున్నప్పుడల్లా ఆ బీరు ముచ్చటే. వినీ వినీ విసిగిపోయిన నర్సయ్య, మామకు బావ వరుసయ్యే సాటి గొర్రెల కాపరి, "పట్నం పోయి కండ్లు తెచ్చుకొమ్మంటే కతలు తెచ్చుకున్నడు" అని ఏడిపించేవాడట. ఏం చేయను, నేనూ సాక్ష్యం చూపలేను. కిరాయి కట్టలేక ఆ చిన్న జాగా ఎప్పుడో మూతపడింది. అదే సమయంలో గోధుమ బీరు ఫ్యాషన్ అయి కూర్చుంది. ప్రతి కంపెనీ ఒక సీసా దించింది, ప్రతి సీసా మీదా ఒక గోధుమ కంకి! నేనెందుకో ఎప్పుడూ కొనలేదు. మామ అడిగేసరికి మాత్రం ఉషారొచ్చింది.

మీరూ అటు వెళ్లాలనుకుంటే పొద్దున్నే హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కండి. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా మూడు గంటలు పడుతుంది, టికెట్ రెండు వందల లోపే. మాల్ ఊళ్లో బస్సు ఆగినప్పుడు వేడి వేడి ఇడ్లీ తినొచ్చు. అది దాటాక ఎర్ర నేలలు, పత్తి కట్టెలు, నల్లరాతి గుట్టలు, బోరు పారిన చోట బత్తాయి తోటలు. కిటికీ పక్కన సీటు దొరికితే వదలకండి. వైన్సులు పది దాకా తెరవరు కనుక, తొందరగా దిగినవాళ్లు ఖిల్లా వైపు ఒక చుట్టు తిరిగి రావచ్చు. నేనూ అదే చేశాను.

వైన్స్‌లో అడిగితే కౌంటర్ అతను రెండు మూడు రకాల సీసాలు తెచ్చి పెట్టాడు. "పోరగాండ్లు గివ్వే అడుగుతున్నరు సార్. మస్తు నడుస్తున్నయ్."

"రుచి ఎట్లుంటది?"

"నేను తాగ సార్. అమ్ముత."

ఒక్కోటి రెండొందల పైనే. అందులో ఖరీదైన రకమే చూసి నాలుగు తీసుకుని, గోనెసంచిలో చుట్టి షేర్ ఆటో ఎక్కాను. ఊరిదాకా నలభై రూపాయలు. సంచిలో గలగలలు విని డ్రైవర్ నవ్వాడు. "కల్లు పారే ఊరికి బీరు మోస్తున్నవా అన్నా! మొగోనివే."

మామ నా కోసం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. సీసాలు తీసుకెళ్లి బోరు తొట్టిలో ముంచి పెట్టాడు. అత్త జొన్నరొట్టె, గోంగూర వేసి వండిన మటన్ పెట్టింది. ఆహా, ఆ కూర గురించి వేరే రాయాలి! మామ మాత్రం సరిగా తినలేదు. కారం తింటే నాలుక మొద్దుబారుతుందట. పొద్దు వాలాక ఉతికిన అంగీ తొడుక్కుని, ఇంట్లోని స్టీలు గ్లాసులు పట్టుకుని మండువకు బయల్దేరాడు. "ఆకుల పోస్తె నురుగు నిలువదు" అని నాకు చెప్పాడు, పెళ్లికి పోతున్న మనిషిలా మెరిసిపోతూ.

అక్కడ నర్సయ్యతో పాటు అరడజను మంది సిద్ధంగా ఉన్నారు. మామ మూత తీసి, ఎల్లమ్మ తల్లికని రెండు చుక్కలు నేల మీద విడిచి, గ్లాసులో పోశాడు. నురుగు చివ్వున లేచి చటుక్కున చచ్చింది. నర్సయ్య సీసాను సూర్యుడికి ఎదురుగా పట్టాడు. "బావా, కల్లు తీరు మబ్బుగుంటదంటివి? గిండ్లకెళ్లి నా గొర్లు కనవడుతున్నయ్."

మామ వాసన చూశాడు. గుక్క తాగాడు. మళ్లీ వాసన చూశాడు. నేనూ తాగాను. ఛీ! తీపి నీళ్లలో నారింజ పిప్పరమెంటు కరిగించినట్టుంది. దారి పొడవునా బత్తాయి తోటలు పెట్టుకుని, ఏ కార్ఖానా డబ్బాలోదో ఆ వాసన! గోధుమ జాడే లేదు.

"గీ దగ్గుమందుకేనా గిన్నేండ్లు మమ్ముల సతాయించినవ్?" అన్నాడు నర్సయ్య. మండువంతా ఘొల్లుమంది.

నాకు ఒళ్లు మండింది. "ఇది అది కాదు మామా! పేరొక్కటే. అది వేరే" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా.

మామ సీసా మీది గోధుమ కంకిని బొటనవేలితో తడిమాడు. "బొమ్మ గూడ గదే ఉన్నది గద అల్లుడా. గంత పెద్ద కంపెనోడు అబద్ధమెందుకాడుతడు? గప్పుడు కండ్లు వచ్చిన సంబురంల ఉంటి. ఏం తాగినా గట్లనే అనిపిచ్చిందేమో."

"కాదు మామా, నేను పక్కనే ఉన్న. నాకూ అదే వాసన వచ్చింది."

"నువ్వు నా కోసం అంటవ్ బిడ్డా" అన్నాడు మెల్లగా.

ఇంతలో అప్పుడే చెట్టు దిగిన గౌడు అలవాటు ప్రకారం మొదటి కల్లు మామ ముందుకు తెచ్చాడు. మామ ఆకు పట్టలేదు. "నర్సయ్యకు పొయ్యి. ఆయన చెప్తడు" అన్నాడు. నర్సయ్య నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఏందే బావా, ఊకె పరాష్కమాడిన. నువ్వు తాగకుంటె మేమెట్ల తాగుతం?" అని బతిమాలాడు. మామ చెయ్యి చాపలేదు. మిగిలిన మూడు సీసాలూ ఆ తాటిచెట్టు మొదట్లో అలాగే ఉండిపోయాయి.

తిరుగు బస్సులో కిటికీ బయటకు చూడాలనిపించలేదు. ఒక బీరు బాగోలేకపోతే పారబోస్తాం, అంతటితో పోతుంది. కానీ ఇది మంచిదాని పేరు పెట్టుకొచ్చి, మామ నోట్లో ఇన్నేళ్లు నిలిచిన ఆ రుచినే అబద్ధం చేసింది. మళ్లీ తాగించి నిరూపిద్దామంటే ఆ జాగా లేదు. నాకు తెలిసిన చోట్లన్నింటా ఇప్పుడు ఈ సీసాలే. ఆ సాయంత్రం మామ పక్కన కూర్చున్న నా మాట కూడా ఆయనకు ఓదార్పులాగే వినపడింది, అదే నాకు ఎక్కువ బాధ.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో పెద్దవాళ్లు ఎన్నడో తాగినదో తిన్నదో మళ్లీ అడిగితే, పేరు చూసి కొనుక్కుపోకండి, ముందు మీరు రుచి చూడండి. దేవరకొండలో నేను ఒక్క సీసా మూత తీసి ఉంటే, "దొరకలేదు మామా" అని ఉత్త చేతులతో వెళ్లేవాణ్ని. మామ నన్ను నాలుగు తిట్లు తిట్టి, ఆకు పట్టి మొదటి గుక్క తాగి, నర్సయ్యకు మళ్లీ ఆ అరటిపండు వాసన ముచ్చట చెప్పేవాడు.