ఎండలో పెట్టిన రంగు

ఈరోజు ఉదయం కొత్త లుంగీని బకెట్లో నానబెట్టాను. కాసేపటికి నీళ్లు నీలంగా మారాయి, తడి నూలు వాసన గుప్పుమంది. గ్లాసుతో ఆ నీళ్లు ముంచి వెలుగుకెత్తి చూసి, నాకు తెలియకుండానే "ఏడు" అన్నాను. పక్కనున్న మా కోడలు నవ్వింది. నీళ్ల రంగుకు అంకె వేసే ఈ అలవాటు రుక్మిణి మేడం వల్ల వచ్చింది.

వేలూరు దగ్గర గుడియాత్తంలో మా మేనమామకు లుంగీల నూలుకు రంగులద్దే షెడ్డు ఉండేది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను అక్కడ రంగుపొడులు తూచేదాన్ని. నా లెక్కలన్నీ ఆ త్రాసు ముందు కూర్చుని నాకు నేనే నేర్చుకున్నవి. షెడ్డు వెనక కాలువ గోవిందప్ప కొబ్బరితోట గుండా పోతుంది. ఒకనాడు ఆయన పార భుజాన వేసుకుని వచ్చి, "ఇంగ ఒక్క వారం చూస్తా నాయనా. అప్పుటికీ రంగునీళ్లు వస్తే కాలువకు మన్ను కొట్టేస్తా" అన్నాడు. కాలువ మూస్తే షెడ్డు మూసినట్టే. నాతో కలిపి తొమ్మిది మందికి ఆ షెడ్డే కూడు.

రుక్మిణి మేడం మామకు దూరపు చుట్టం, వేలూరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. తెలుగు గలగలా మాట్లాడేవారు, రాయాల్సి వస్తే మాత్రం అరవ అక్షరాలే. సంగతి తెలిసిన మర్నాడే ఒక తెల్లపొడి డబ్బాతో బస్సు దిగారు. గోడల పెయింటులో తెలుపు కోసం కలిపే పొడే అది. ఎండ తగిలితే దానికి చురుకు పుట్టి, నీళ్లలోని రంగును విరగ్గొడుతుందట. తాను మాత్రం తరగదు, అడుగున పేరుకున్నాక మళ్లీ వాడుకోవచ్చు.

"రంగు తగ్గిందని ఎట్లా చెప్తావు?" అని నన్నడిగారు.

"కంటికి తెలుస్తాది కదా మేడం."

"నీ కన్నూ నా కన్నూ ఒకటేనామ్మా?"

ఆ సాయంత్రమే నేను పదకొండు సీసాలు కడిగాను. ఒకదానిలో రంగునీళ్లు, ఒకదానిలో మంచినీళ్లు, నడుమ తొమ్మిదింటిలో ఆ రెంటినీ కొలిచి కలిపిన మెట్లు. రంగునీళ్లకు పది, మంచినీళ్లకు సున్నా వచ్చేలా వరుసగా చీటీలు అంటించాను. మేడం వాటిని చాలాసేపు చూసి, "ఇంగ నువ్వు చెప్పిందే అంకె" అన్నారు. ఆ రాత్రి సంతోషంతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నూలు జాడించిన నీళ్లను పెరట్లో వెడల్పాటి తొట్లలో పోసి, పొడి కలిపి, మేడం వేలూరు వెళ్లిపోయారు. అరగంటకోసారి పనివాళ్లు సీసాడు నీళ్లు నా గదికి తెచ్చేవారు. పొడి దిగేదాకా ఆగి, సీసాలతో పోల్చి నోటుబుక్కులో అంకె వేసేదాన్ని. పొద్దున తొమ్మిది గంటలకు అంకె పది, పదిన్నరకు ఆరు. ఆపైన సాయంత్రం దాకా ఆరే. రెండో రోజూ అంతే. మూడో రోజూ పదిన్నర దాటాక ఆరు దగ్గరే ఆగేసరికి మామ ముఖం వాడిపోయింది. "నువ్వే తప్పు రాసినావేమో, దిద్దు" అన్నాడు. నిజంగానే రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

అంతలో మేడం వేలూరు నుంచి వచ్చి నోటుబుక్కు చూసి, నా చేతిలోని రబ్బరు లాక్కున్నారు. "అంకెను ఏమీ చెయ్యొద్దు. పదిన్నరకు ఏమో జరుగుతా ఉండాది. రా, పోయి చూద్దాం."

పెరట్లో తొట్లన్నిటి మీదా కొబ్బరి తడికలు చక్కగా కప్పి ఉన్నాయి. పక్కనే పెద్ద అద్దకంవాడు మునుసామి, పసిబిడ్డలకు కాపలా ఉన్నట్టు కూర్చున్నాడు. అద్దిన నూలును నీడలోనే ఆరబెట్టడం అతనికి నలభై ఏళ్ల అలవాటు.

"ఎవరప్పా ఇది కప్పింది?"

"నేనే తల్లీ. ఎండ ఎక్కినాక రంగును అట్లా వదిలేస్తారా? వెలిసిపోదా!"

"అది వెలిసిపోవాలనే కదప్పా మేము మూడు రోజులుగా తపస్సు చేస్తా ఉండేది!"

మేడం నవ్వుతూ నేలమీదే కూలబడ్డారు. మామకు నవ్వు ఆగక దగ్గొచ్చింది. మునుసామి మాత్రం తల దించుకుని తడికలు తీయబోయాడు.

"ఒకటి ఉండనీ అప్పా" అన్నారు మేడం. "పొడి ఒక్కటే పనిచేస్తా ఉంటే నీడలోనూ తగ్గాల కదా. ఎండ పనేనని నువ్వే చూపించినావు." నోటుబుక్కులో ఆ తొట్టి పక్కన అరవంలో మునుసామి పేరు రాశారు. అతను ఆ పేజీని షెడ్డులో అందరికీ చూపించి వచ్చాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి ఎండ తొట్ల అంకె ఒకటి, నీడ తొట్టిది ఆరే. గడువు తీరిన శుక్రవారం గోవిందప్ప పారతోనే వచ్చి గ్లాసులో నీళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే చెట్లకు పెట్టొచ్చా?" అన్నాడు. మామ అవునని తలూపబోతుంటే మేడం అడ్డుపడ్డారు. "రంగే పోయింది నాయనా, ఉప్పు పోలేదు. చెట్లకొద్దు. వీళ్లు ఈ నీళ్లతోనే మళ్లీ నూలు జాడిస్తారు, నీ కాలువకు వచ్చేది తగ్గిపోతాది." గోవిందప్ప గ్లాసు కింద పెట్టాడు. "ఉప్పు సంగతి చెప్పినారు చూడండి, అందుకే నమ్ముతా ఉండా" అని పార ఎత్తుకుని వెళ్లిపోయాడు. కాలువకు మన్ను పడలేదు.

మేడం ఇప్పుడు లేరు. ఆ సీసాల్లో నాలుగు పగిలిపోయాయి. నేను మాత్రం నచ్చని అంకెను ఇప్పటికీ చెరపను. లేచి, అది పుట్టిన చోటికి నడిచి వెళ్తాను.