ఒకరి బదులు ఒకరు

మా పాత ఆఫీసు మేనేజరు గారు గుండెపోటుతో పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. నేను మణికొండ నుంచి మూసాపేటలోని ఆయన ఇంటికి వెళ్లేసరికి గేటు దాకా చెప్పులే.

మాదాపూర్‌లో విదేశీ ఆసుపత్రుల బిల్లులు సరిచూసే చిన్న కంపెనీ మాది. లెక్కలు నేను చూసేదాన్ని, మనుషులను ఆయన చూసేవారు. పొద్దున తన కంప్యూటరు తెరిచే ముందు సీట్ల వరసలన్నీ ఒకసారి తిరిగేవారు. ఎవరి ముఖం వాడిపోయి ఉంటే అక్కడ ఆగేవారు. ఉద్యోగం మానేసేవాళ్లకు టీ ఇప్పించి, ఎందుకు పోతున్నారో అడిగేవారు. "పోయేటోడే నిజం చెప్తడమ్మా" అనేవారు నాతో. ఆ టీకి కూడా నేను రసీదు అడిగేదాన్ని. విసుక్కోకుండా ఇచ్చేవారు.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో బంద్ వచ్చిందంటే మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. అందరికంటే చురుగ్గా పనిచేసే సిద్దిపేట అమ్మాయి ప్రతి బంద్‌కూ ర్యాలీకి పోయేది. ఒకసారి గురువారం బంద్ పడింది. ఆమె పని శుక్రవారానికల్లా అప్పగించాలి. ఈసారి రాకపోతే ఆమెను తీసేయమన్నాడు యజమాని.

"కంప్యూటర్ ఖరాబైతే బాగు చేపిస్తం. మనిషినైతే తీసేసుడేనా సార్? ఆమెకు పని నేర్పనీకె ఏడాది పట్టింది. కొత్తోళ్లకు మళ్ల ఏడాది. అందాక ఎవరు చేస్తరు?" అన్నారు మేనేజరు గారు.

యజమాని నావైపు చూశాడు. నేను మెతకదాన్ని కాను. అయినా ఆ లెక్కలో తప్పు లేదని చెప్పాను.

"పని ఆగితే బాధ్యత మీదే" అని ఆయనతో చెప్పి వెళ్లిపోయాడు యజమాని.

మేనేజరు గారు ఆ అమ్మాయిని, పక్క సీటు కడప అబ్బాయిని పిలిచారు. అతని గది ఆఫీసు వెనకే, బంద్ రోజైనా నడిచి రాగలడు.

"గురువారం ఈమె పని నువ్వు చెయ్యి. నీ పని ఆదివారం ఈమె చేస్తది."

"నాకు రాష్ట్రం విడిపోయేదే ఇష్టం లేదు. ఆయమ్మి ర్యాలీకి పోతే నేను పని చేయల్లనా?"

"ర్యాలీ కోసం కాదు తమ్మీ. ఆమె కొలువు కోసం."

అబ్బాయి ఆమె వైపు ఓసారి చూశాడు. "సరేన్నా. జాతరకు నేను ఊరికి పోతే ఆయమ్మే చేయల్ల మల్ల."

"చేస్త. గని నీ ఫైళ్లు జర సాఫ్ జేసి పో. మొన్న చూసి పరేషానైన" అంది అమ్మాయి.

హాజరుపట్టీలో ఆమె గురువారం రాలేదనే రాశాను. ఆదివారం వచ్చిందనీ రాశాను. పని వేళకు అందింది, ఆమె ఉద్యోగం నిలిచింది. తర్వాతి బంద్‌లకు మిగతావాళ్లూ తమలో తామే ఇలా సర్దుకున్నారు. రాష్ట్రం మీద వాళ్లిద్దరి వాదన మాత్రం తెగలేదు.

ఇద్దరూ ఇప్పటికీ అదే కంపెనీ, ఇప్పుడది నానక్‌రామ్‌గూడలో ఉంది. మంగళవారం పాడె లేచే వేళకు కడప అబ్బాయి ల్యాప్‌టాప్ సంచీ భుజానే ఉంది, ఆఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉంది. అతని జుట్టు నెరుస్తోంది. సిద్దిపేట అమ్మాయి చెయ్యి చాపింది.

"ల్యాప్‌టాప్ ఇటియ్యి. నువ్వు పోయి పాడె పట్టు."

"పాస్‌వర్డూ..."

"ఎరికే. పో."

పాడె సందు మలుపు తిరిగింది. ఇంట్లోవాళ్లు వాకిలి కడగడం మొదలుపెట్టారు. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అతని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టైపు చేస్తోంది. నీళ్లు కుర్చీ కిందికి వచ్చాయి. కాళ్లు పైకి తీసుకుంది గానీ లేవలేదు.