చిక్కుడు పాదులో చైనా కత్తి

"అబ్బాయ్, మీ అంకుల్ ప్రభువునందు నిద్రించారు. వీలు చూసుకొని వచ్చి ఆ కత్తులు ఒకసారి చూసి పో."

ఆంటీ ఫోన్‌లో చెప్పింది అంతే. "సరే ఆంటీ" అన్నాను. పద్నాలుగేళ్ళుగా మా ఇద్దరి మధ్య మాటలు ఇంతకంటే పొడవు సాగలేదు. అందుకు కారణం నేనే. ఆ సంగతి దాటేసి ఆయన గురించి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు కాబట్టి అదీ రాస్తాను.

మన సంఘం వేసే ఈ పత్రిక చదివేవారిలో చాలామంది టూంగాబీలోని ఆ ఇంట్లో భోజనం చేసినవారే. వెనక గదులు రెండూ చదువుకొనే పిల్లలకు అద్దెకిచ్చేవారు. నేను ఆ గదుల్లో మూడేళ్ళు ఉన్నాను. అంకుల్ తెనాలి వైపు నుంచి ఈ దేశం వచ్చిన మనిషి. యంత్రాల వర్క్‌షాపులో ఫిట్టరు. పని నుంచి వచ్చి స్నానం చేసి, కళ్ళజోడు దారాన్ని మెడలో వేసుకొని, గ్యారేజీలోకి వెళ్ళేవారు. ఆ గ్యారేజీలో కారు ఉండేది కాదు, కత్తులు ఉండేవి. గోడ పొడుగునా నలభై ఒకటి. నెలకోసారి శనివారం అన్నిటినీ దింపి, పాత బనియను గుడ్డకు కుట్టుమిషను నూనె అద్ది, ఒక్కొక్కటే తుడిచేవారు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి. పొమ్మని అనేవారు కాదు, కూర్చోమనీ అనేవారు కాదు.

ఆయన నోరు మంచిది కాదు. పోయినవారి గురించి అలా రాయకూడదంటారు గాని, ఇది తెలియనివారు మనలో లేరు. క్వేకర్స్ హిల్ నుంచి ఒకాయన తాతగారి యుద్ధపు కత్తి అని పట్టుచీరలో చుట్టి తెచ్చాడు. అంకుల్ దాన్ని చేతిలోకి తీసుకొని, ఒకసారి ఆడించి, తిరిగి ఇచ్చేశారు.

"మీ తాత దీంతో ఎవుర్నీ చంపలా. కొబ్బరికాయ కూడా కొట్టలా. నాటకాల కంపెనీలో చేశాడేమో కనుక్కో."

ఆయన కత్తిని మళ్ళీ చీరలో చుట్టుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. అంకుల్‌కి అదొక లోటు అనిపించలేదు.

నాకు ఆయన ఏదీ నేర్పలేదు. ఒక ఆదివారం మాత్రం ఆంటీ వంటింటి చాకులన్నీ బల్ల మీద పోసి, "కళ్ళు మూసుకొని ఏది మంచిదో చెప్పరా" అన్నారు. నేను చెప్పింది తప్పు. మళ్ళీ వారం మళ్ళీ పోశారు. నాలుగో వారానికి చెప్పగలిగాను. ఆయన తల కూడా ఊపలేదు, చాకులు తీసుకెళ్ళి కడిగేశారు. ఇంకో రోజు నేను ఒక కత్తి పిడి మీది పనితనం చూస్తూ ఉంటే, "అందంగా ఉన్న చోట ఏంది చూసేది? ఆ అందం ఆగిపోయే చోట చూడు" అన్నారు. పిడి కిందికి, ఒర మూతి లోపలికి, మేకుల తలల మీదికి వేలు పెట్టి చూపించారు. చేసినవాడి బద్ధకం అక్కడ బయటపడుతుందట.

నేను ఇప్పుడు పాత వస్తువులు చూసి అసలో నకలో చెప్పే పనిలో బతుకుతున్నాను. యూనివర్సిటీలో చదివిన చదువు వేరు. ఈ పనికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఆ ఒక్క మాట ఉంది.

మూడో ఏడు అంకుల్‌కి అరవై నిండబోతున్నాయి. ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. దానికి పది రోజుల ముందు నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఆంటీ వంటింట్లో ఒక పొడుగాటి పెట్టె తెరిచి నిలబడి ఉన్నారు. ఆవిడ వృద్ధుల సంరక్షణ ఇంట్లో పని చేసేవారు. ఆరు నెలలు అదనంగా ఆదివారం సాయంత్రాలు కూడా వెళ్ళిన సంగతి నాకు తెలుసు. ఎందుకో అప్పుడు తెలిసింది.

పెట్టెలో చైనా ఖడ్గం. ఎర్రటి ఒర, దాని నిండా బంగారు రంగు రేకులు, రేకుల మీద డ్రాగన్లు, డ్రాగన్ల కళ్ళలో ఎర్ర రాళ్ళు. పిడి చివర పట్టు కుచ్చు.

"అంకుల్ దగ్గిర చైనాది ఒక్కటీ లేదు కదా. పాతదేనంట, రాజుల నాటిదంట. బాగుందా అబ్బాయ్?" అన్నారు. నేను పెట్టె మీదికి వంగి చూస్తుంటే, "నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానన్నాడు ఆ షాపాయన. నువ్వయితే నిజం చెబుతావని నీకే చూపిస్తన్నా" అన్నారు.

చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్న క్షణంలోనే తెలిసింది. ఆవిడ ముఖం చూశాను.

"బాగుంది ఆంటీ" అన్నాను.

ఆవిడ నవ్వి, పెట్టె మూసి, బియ్యం డబ్బా వెనక దాచారు.

కూడిక శనివారం మధ్యాహ్నం. హాల్లో దుప్పట్లు పరిచి అందరం కూర్చున్నాం. పాటలు, ప్రార్థన అయ్యాక సాక్ష్యాలు. మన కూడికల్లో తెలిసిందే కదా, లేచి నిలబడినవాడు తన విషయం తాను దాచకుండా చెప్పాలి. సాక్ష్యంలో అబద్ధం ఆడేవాడు ఉండడు. అందరివీ అయ్యాక ఆంటీ పెట్టె తెచ్చి అంకుల్ ఒళ్ళో పెట్టారు. ఆవిడ ముఖం మెడ దాకా ఎర్రబడి ఉంది. నలభై మంది "అబ్బా" అన్నారు. ఒక పిల్ల "సో కూల్, తాతా" అని అరిచింది.

అంకుల్ కత్తి తీసుకొని బొటనవేలు ఒర మూతి కింద పెట్టారు. ఒక్క క్షణం. ఆయనకూ తెలిసిపోయింది. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఆయన ఊరుకొని ఉంటే సరిపోయేది. థాంక్స్ చెప్పి గోడకి తగిలించుకుంటే సరిపోయేది. ఆయన కత్తిని నా చేతుల్లో పెట్టారు.

"మావాడు చెబుతాడు. లెగువు రా. ఈ కత్తికి సాక్ష్యం నువ్వు చెప్పు."

నేను కూర్చొనే "బాగుంది అంకుల్" అన్నాను.

"బాగుందంటే? నేను నేర్పింది అదేనా?"

ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. నేర్పింది, అన్నారు. లేచి నిలబడ్డాను. వంటింటి గుమ్మంలో ఆంటీ కేకు పళ్ళెం పట్టుకొని ఉన్నారు. ఆవిడకి భయం లేదు. నేను బాగుందని చెప్పిన వస్తువే కదా.

"ఇది నకలు" అన్నాను. అక్కడితో ఆగలేదు. పిడి చివర నట్టు విప్పి చూపించాను. అసలు కత్తికి వచ్చినట్టు దీని అలుగు పిడిలోకి దిగి అవతలికి రాలేదని, సన్నటి కడ్డీ అతికించి మరతో బిగించారని చెప్పాను. చెవి దగ్గర ఆడిస్తే గలగలమంది. "గిలక్కాయ్" అన్నారు ఎవరో. నవ్వారు. ఒరకి రెండు వైపులా డ్రాగన్లు చూపించి, "ఎడమ కాలు మూడో గోరు ఇక్కడా విరిగింది, అక్కడా విరిగింది. రెండూ ఒకే అచ్చులో పోసినవి" అన్నాను. ఇంకా నవ్వారు. రాయి ఒకటి గోటితో గీరితే ఊడి వచ్చింది, జిగురుతో సహా. చివరికి అలుగు తీసి, "ఇది స్టెయిన్‌లెస్ స్టీలు. గరిటెలు చేసే ఉక్కు. నిజమైన కత్తి తుప్పు పడుతుంది" అన్నాను.

ఆ హాల్లో నా మాట నలుగురు విన్న మొదటి రోజు అది. బాగుంది. ఆ నవ్వు బాగుంది. ఇది కూడా సాక్ష్యమే కాబట్టి చెబుతున్నాను.

"ఎవుడు అంటగట్టాడే నీకు?" అన్నారు అంకుల్, నవ్వుతూనే. "అడక్కుండానే కొన్నావా?"

ఆంటీ నా వైపు చూశారు. అడిగానని చెప్పవచ్చు. ఎవర్ని అడిగారో చెప్పవచ్చు. చెప్పలేదు.

"కేకు తీసుకోండి" అన్నారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు.

అంకుల్ నా భుజం తట్టి, "పాసయ్యావురా" అన్నారు. మూడేళ్ళలో ఆయన నన్ను తాకింది అప్పుడే. రోజూ జమాఖర్చు రాసుకొనే నా పుస్తకంలో ఆ తేదీ కింద రెండు బస్సు టికెట్లు, ఒక బ్రెడ్డు ఉన్నాయి. ఇంకేమీ లేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక ఆయన ఆ కత్తిని పెరట్లోకి తీసుకెళ్ళారు. చిక్కుడు పాదు పక్కన నేలలో దిగగొట్టి, పందిరి తాడు దాని పిడికి కట్టారు. "ఇప్పుడు పనికొచ్చింది" అన్నారు, వంటింటి కిటికీకి వినబడేటట్టు.

ఆంటీ ఆ తర్వాత కూడా నాకు అన్నం పెట్టారు. అంతకు ముందు ప్రతి కూరకీ "బాగుందా అబ్బాయ్?" అని అడిగేవారు. ఆ రోజు నుంచి ఏ కూరకీ అడగలేదు. మరి నాలుగు నెలలకి నేను హారిస్ పార్క్‌లో గది చూసుకొని వెళ్ళిపోయాను. అంకుల్ మటుకు కొత్త కత్తి కొన్నప్పుడల్లా పిలిచేవారు. వెళ్ళేవాణ్ణి, చూసేవాణ్ణి, చెప్పేవాణ్ణి. అసలు సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన నన్ను నమ్మింది ఒక్క ఆ విషయంలోనే, కళ్ళతో చూసింది నోటితో చెబుతానని.

భూస్థాపన అయిన మూడో రోజున వెళ్ళాను. ఆంటీ గ్యారేజీ తాళం తీసి ఇచ్చారు. చివరి రెండేళ్ళు ఆయన చేతులు వణికేవి. బనియను గుడ్డ, నూనె సీసా బల్ల మీదే ఉన్నాయి, సీసా మూత బిగుసుకుపోయింది. అప్పటి నలభై ఒకటీ, తర్వాత కొన్నవీ అన్నీ దింపాను. ఒరలోంచి కొన్ని రాలేదు. వచ్చినవాటి మీద ఎర్రగా పొక్కులు లేచి ఉన్నాయి.

"ఎట్టా ఉన్నయ్?" అన్నారు ఆంటీ గుమ్మంలోంచి.

"తుప్పు పట్టాయి ఆంటీ."

"అన్నీనా?"

"అన్నీ."

"రా" అన్నారు.

పెరట్లో పాదు కంచె దాకా అల్లుకొని ఉంది. ఆంటీ రెండు చేతులతో తీగ పక్కకి తప్పించారు. పిడి మీది బంగారు రంగు ఎప్పుడో పోయింది. బూడిద రంగు పోత లోహం మీద డ్రాగన్ తల గుర్తు పట్టడానికి లేదు. ఆవిడ కొంగు చివరతో అలుగు మీది మట్టి ఒక్కసారి తుడిచారు.

మెరిసింది. ఒక్క చుక్క తుప్పు లేదు.

"బాగుందా అబ్బాయ్?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అటు తిరిగి చిక్కుడుకాయలు తెంపుకోవడం మొదలుపెట్టారు. వదిలేసిన తీగ మెల్లగా వెనక్కి వచ్చి పిడిని కప్పేసింది. ఆకుల సందుల్లోంచి అలుగు మాత్రం కనబడుతూనే ఉంది.