శంకరవ్వ గర్భసంచికి కొత్త ముంత

మా లక్సెట్టిపేట సాలెవాడలో శంకరవ్వ ఎప్పుడు చూసినా రాట్నం ముందే ఉండేది. రజాకార్ల గడబిడలో ఇద్దరు పిల్లలను తీసుకొని, మొగడు అంబదాస్ వెంట చెన్నూరు నుంచి నడిచి వచ్చిన మనిషి. ఆయన మగ్గంలో కూర్చుంటే ఈమె రాట్నం మీద నూలు కండెలు చుట్టి అందించాలి. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. అందుకే ఒంట్లో సంగతి ఎవరికీ చెప్పలేదు.

దండెం మీద ఆరేసిన ముట్టుబట్టలు చూసి, పక్కింటిదాన్ని, నేనే అడిగాను.

"ఏందే శంకరవ్వా, నెలల సగం దినాలు బయటనే కూసుంటున్నవు?"

"ముట్టు ఆగే ఈడొచ్చిందక్కా. పోయేముందు గట్లనే పోతదంట."

"ఎవలు చెప్పిండ్రు?"

"మా అత్త."

"మీ అత్త ఎప్పుడు డాక్టరయింది?"

నవ్వబోయి పొత్తికడుపు పట్టుకున్నది.

పందొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో వరంగల్ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి గర్భసంచిలో గడ్డ ఉన్నదని, చాలామందికి ఉండేదేనని, భయం లేదని చెప్పింది. సంచి తీసేసింది. తెలివి వచ్చాక శంకరవ్వ మొదట అడిగింది మగ్గం నడుస్తున్నదా అనే.

అత్త కనకవ్వ మాత్రం దవాఖాన వరండాలో మొండికేసి కూర్చుంది. మా దిక్కు కాన్పయితే మాయను ముంతలో పెట్టి, పసుపు కుంకుమ చల్లి పెరట్లో పాతిపెడతారు. కుక్క ముట్టితే పిల్లకు కీడని భయం.

"మాయనే గంత పైలంగ పెడ్తిమి. మాయను మోసిన సంచిని కుక్కల పాలు చేస్తమా? నా మనుమలు పెరిగిన జాగ అది. మాది మాకియ్యుండ్రి!"

దాన్ని పరీక్షకు హైదరాబాదు పంపామని, నెల తర్వాత రమ్మని డాక్టరమ్మ చెప్పింది. అద్దకానికి పంపిన నూలు రంగు పట్టాక తిరిగి వస్తుంది కదా, ఇదీ అట్లాగే వస్తుందని అందరం అనుకున్నాం.

నెల తిరిగింది. కనకవ్వ కొత్త ముంత తెప్పించి, పసుపు బట్ట చుట్టి కొడుకు చేతికిచ్చింది. పెరట్లో గుంత తవ్వించి పెట్టింది. శంకరవ్వ, అంబదాస్, నేను మంచిర్యాలలో రైలెక్కాం. నెత్తురు పోవడం ఆగింది గానీ ఆమె అలసట పోలేదు. దారి పొడుగునా నా భుజం మీద వాలి పడుకుంది.

వరంగల్ దవాఖానలో అంబదాస్ ముంతను డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, వచ్చిన పని చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"అది ఇక రాదు. దాన్ని కోసి పరీక్ష చేశారు. గడ్డలో క్యాన్సర్ ఉంది. రాచపుండు. పైకి చూస్తే మాకెవరికీ తెలియలేదు."

"తీసేసిండ్రు గదమ్మా!" అన్నాడు అంబదాస్. "సంచే లేకపాయె, ఇగ పుండెక్కడిది?"

"లోపల ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. హైదరాబాదులో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలి. కొన్ని వారాలు అక్కడే ఉండాలి."

"పెట్టిస్తే బతుకుతదా?" అని అడిగాను.

"పెట్టిస్తే ఆశ ఉంది. ఆలస్యం చేయకండి."

ముంతను అక్కడే వదిలేసి కాజీపేట స్టేషన్‌కు వచ్చాం. ఇంటికి పోవాలన్నా, హైదరాబాదు పోవాలన్నా అక్కడే బండెక్కాలి. శంకరవ్వ బెంచీ మీద కూలబడింది.

"ఇంటికే పోదాం. ఒకసారి కోపిచ్చుకున్న. ఇగ నాతోని గాదు."

అంబదాస్ ఆమె కాళ్ళ దగ్గర గొంతుకూర్చున్నాడు. "నువ్వు లేకుంటే కండెలెవలు చుట్టాలె?"

"సచ్చేదాని ముంగట గూడ కండెల ముచ్చటేనా?"

"నాకు ఇంకో తీరుగ చెప్పుడు రాదే" అని తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె చాలాసేపు ఆయన నడినెత్తినే చూసింది. మా దిక్కు పోయే బండి వచ్చి నిలబడ్డది. జనం ఎక్కారు, దిగారు. నేను మూట చేతిలోకి తీసుకున్నాను. ఆమె లేవలేదు. బండి కదిలిపోయింది.

"ఇయ్యాల ఎట్లనో ఈడిదాంక వచ్చిన" అన్నది. "ఇంటికి పోయి పండుకుంటే మళ్ళ లేవ, నాకెరుకే. పో, హైదరాబాదు టికెట్లు తీసుకరా."

ఆయన కళ్ళు తుడుచుకొని లేచాడు. ఆమె బెంచీ మీద ముడుచుకొని పడుకుంటూ నాతో అన్నది:

"బండి మంచిగ ఆగినంకనే లేపక్కా. ముందుగాల లేపకు."