అయమోంతె రేవులో ఒక గంట

చేపల కొట్టు ఒడీలియా నోరు మూయించడం ఎవరి వల్లా కాదు గానీ, ఆ పోలండు పిల్ల కింగా విషయంలో మాత్రం అది చెప్పేదంతా ఉత్త కల్పన. కింగా తన గదిలో ఉండే ఇల్జె పాస్‌పోర్టు కొట్టేసిందట. ఎవడో స్పెయిను కుర్రాడి కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నారట. చివరికి ఇల్జెని ఏటికి అవతల వదిలేసి ఇది లాంచీ ఎక్కి వచ్చేసిందట. పోర్చుగల్‌లోని ఫారో ఊళ్ళో మా ఉప్పుమళ్ళ వీధిలో ఈ కథ పొద్దున్నే రొట్టెల బండికన్నా ముందు ఇంటింటికీ చేరింది. కుర్రాడూ లేడు, కాకరకాయా లేదు. పాస్‌పోర్టు మొదటినుంచీ ఇల్జె సంచీలోనే ఉంది. జరిగింది వేరు. విన్నాక ఎవరిని తిట్టుకుంటారో మీ ఇష్టం.

ఆ పిల్లలిద్దరూ అందరూ గౌరవంగా దోనా ఇదలీనా అని పిలిచే ఆవిడ ఇంట్లో మేడమీద గదిలో ఫిబ్రవరిలో దిగారు. ఇదలీనా ముప్పై ఏళ్ళు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో తలలు కోసిన మనిషి. మొగుడు పోయాక పై గదిని ఇక్కడి కాలేజీకి ఆర్నెల్లకీ ఏడాదికీ వచ్చే పరదేశపు పిల్లలకి ఇస్తోంది.

కింగాది తార్నుఫ్ అనే ఊరు. నాన్న బస్సు డ్రైవరు. ఓ రోజు కట్టుకున్న పెళ్ళామే కూరగాయల సంచీతో రొప్పుతూ పరుగెత్తుకొస్తుంటే, అద్దంలో చూసి కూడా బండి కదిలించేశాడట ఆ మహానుభావుడు. వేళంటే వేళే. ఆ సంగతి కింగా చెబుతుంటే ముఖం వెలిగిపోయేది. వచ్చేటప్పుడు ఆయన తన చేతి గడియారం తీసి కూతురి చేతికి పెట్టాడు. తాళం తిప్పుకునే పాత గడియారం. దాన్ని నిద్రలో కూడా తీసేది కాదు.

ఇల్జెది ఉత్తరాన ఎక్కడో రీగా అనే పట్నం. పొడుగ్గా, నవ్వుతూ, వీధిలో కుక్కతో కూడా కబుర్లు చెప్పే పిల్ల. "పది నిమిషాల్లో వస్తా" అంటే రెండు గంటలని అర్థం. అందరికీ ముద్దు. ఇదలీనాకైతే మరీను. నత్తలు వండిన రోజు గిన్నె అడుగున మిగిలిన రసం, అందులో ముంచుకోవడానికి రొట్టె ముక్కా ఇల్జెకే దాచేది.

శనాదివారాలొస్తే ఇద్దరూ ఊళ్ళు చూడ్డానికి బయల్దేరేవాళ్ళు. టికెట్లు తీసేది కింగా, దారి చూసేది కింగా, రొట్టెలో జున్ను పెట్టి కట్టేది కింగా. చెడగొట్టేది ఇల్జె. లాగుష్‌లో "ఒక్క ఫోటో" అంటూ కొండ దిగిపోయింది, ఆఖరి బస్సు కళ్ళముందే పోయింది. ఎవొరాలో సంచీ స్టేషన్లో మర్చిపోతే వెనక్కి పరుగెత్తింది కింగా. లిస్బన్‌లో బస ఇల్జె చూస్తానంది. తీరా వెళ్ళాక ఆ సత్రంవాడు కాగితం చూసి, "అమ్మాయ్, ఇది వచ్చే నెల ఇరవైకి" అన్నాడు. ఇద్దరూ మెట్లమీద కూర్చుని తెల్లవార్చారు.

ఇంతవరకూ అయితే ఏదో చిన్నతనం అనుకోవచ్చు. కానీ సోమవారం సాయంత్రం ఇదలీనా వంటింట్లో కూర్చుని ఇల్జె ఆ కథలు తిరగేసి చెప్పేది. బస్సు పోయింది కింగా వల్ల. సంచీ మర్చిపోయింది కింగా. తారీఖు తప్పు చూసింది కూడా కింగాయే.

"అబ్బో, ఈ డ్రైవరు కూతురితో ప్రయాణమంటే చూడాలి దోనా ఇదలీనా! మెదడు లేదు, హారనొక్కటే ఉంది. పాం పాం, టైమైంది! పాం పాం, పద పద!"

ఇదలీనా పొట్ట పట్టుకుని నవ్వేది. కింగా ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాసుకునేది. రాసిన చోటే మళ్ళీ రాసేది. ఒకసారి మాత్రం, "సంచీ మర్చిపోయింది నువ్వు కదే" అంది.

"చూశారా, మళ్ళీ హారను!" అని ఇల్జె బల్ల చరిచింది. నవ్వులు. చేపల కొట్టు దగ్గర ఒడీలియా కూడా "ఏమ్మా హారనూ, ఇవాళ ఏం కావాలి?" అని పలకరించడం మొదలుపెట్టింది. నాలుగు నెలలు అలాగే సాగింది. మే నెలకొచ్చేసరికి ఇల్జె చెప్పుల చప్పుడు మెట్లమీద వినిపిస్తేనే కింగా దీపం ఆర్పి గోడవైపు తిరిగిపోయేది.

జూన్‌లో పరీక్షలు. సముద్రపు జీవుల పాఠంలో ఇల్జె ఒకసారి తప్పింది. రెండోసారి నోటి పరీక్ష సోమవారం పొద్దున తొమ్మిదింటికి. అందులో కూడా పోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, మూటాముల్లే కట్టుకుని రీగా పోవాలి. ఈ సంగతి కింగాకి తెలుసు, ఇదలీనాకి తెలుసు, వీధి కుక్కకి కూడా తెలుసు. అయినా ఆదివారం ఇల్జె పొద్దున్నే లేచి, "చదివి చదివి తల పగిలిపోతోంది, ఏరు దాటి అయమోంతె వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం పదవే" అంది.

"రేపు నీకు పరీక్ష."

"నాకు తెలీదా? పాం పాం. ఇవాళ ఒక్కరోజు హారను కొట్టకు."

వెళ్ళారు. రైల్లో గంట పైన, ఆపైన లాంచీలో పావుగంట. ఏటికి ఇవతల పోర్చుగల్, అవతల స్పెయిను. అవతల గంట ముందుంటుంది. ఆ రేవుల్లో బతికేవాళ్ళెవరూ ఉత్తినే "ఏడింటికి" అనరు, "మన ఏడా, వాళ్ళ ఏడా" అని అడిగి మరీ మాట ఇస్తారు. ఫోనుని అసలు నమ్మరు. ఒడ్డునే కూర్చుంటే ఫోను ఒకసారి ఈ దేశపు టవరు గాలి పట్టుకుంటుంది, ఒకసారి ఆ దేశపు గాలి పట్టుకుంటుంది. గంట అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది. లాంచీ దిగగానే కింగా నాన్న గడియారం ముల్లు చేత్తో గంట ముందుకి తిప్పుకుంది. ఇల్జె దాన్ని చూసి, "ఇంకా ఆ పాత ఇనప ముక్క పారేయలేదా?" అంది.

తిరిగారు, తిన్నారు. చర్చి గంటలు ఆరు కొట్టేసరికి రేవు పక్కనే గొడుగుల కింద కూర్చున్నారు. ఆఖరి లాంచీ అక్కడి లెక్కన ఏడింటికి. ఇల్జె ఫోను గ్లాసు పక్కన వెల్లకిలా పడుంది. దానిమీద అయిదు.

"ఏడింటికే కదా లాంచీ?"

"ఏడింటికి" అంది కింగా.

"బోలెడు టైముంది. కొండమీద ఆ తెల్ల చర్చి చూసొస్తా. నువ్విక్కడ కాపలా కాయి."

ఇల్జె వెళ్ళిపోయింది. కింగా అక్కడే కూర్చుంది. గ్లాసులో మంచు కరిగింది. ఏడుకి పది నిమిషాలుండగా లేచి లాంచీ ఎక్కింది.

ఇక్కడినుంచి చెప్పింది లాంచీకి తాడు కట్టి విప్పే అమదేవు. వాడికి అబద్ధమాడాల్సిన పనేం లేదు. ఏడు కొట్టింది. తాడు విప్పబోతూ అడిగాడట.

"నీతో ఇంకో అమ్మాయి వచ్చింది కదా, పొడుగుపిల్ల? రెండు నిమిషాలు ఆగమంటావా?"

"మీ టైమైంది కదండీ?"

"అయిందనుకో. ఆదివారం కదా, ఎవరడుగుతారు."

"పోనివ్వండి" అంది కింగా.

తాడు విప్పాడు. లాంచీ నడి ఏటికి రాగానే ఫోను మోగింది.

"ఏమే, ఎక్కడ చచ్చావ్? రేవులో ఎవ్వరూ లేరు!"

"లాంచీలో ఉన్నాను."

"లాంచీలోనా? ఇంకా ఆరూ పదే కదే! యాభై నిమిషాల ముందొచ్చానే నేను!"

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందుగా వచ్చింది. పరీక్ష భయం పట్టుకుని కొండ సగంలోంచే దిగి పరుగెత్తుకొచ్చింది.

"మన ఆరూ పది. అక్కడ ఏడూ పది" అంది కింగా. అవతల ఏడుపు మొదలైంది. కింగా ఫోను సంచీలో పడేసుకుంది.

ఆ సాయంత్రం అయమోంతెలో ఏదో ఉత్సవం. వంతెన మీదుగా చుట్టు తిరిగి వద్దామన్నా, ఉన్న టాక్సీలు మూడూ ఊరేగింపు వెనకాల ఇరుక్కుపోయాయి. బస్సు లేదు. మర్నాడు మొదటి లాంచీ మన తొమ్మిదింటికి. ఇల్జె ఫారోలో దిగేసరికి పదకొండు దాటింది. పంతులమ్మ తలుపు తాళం వేసి వెళ్ళిపోయింది. బతిమాలితే, "రేవు గంట తెలీని పిల్లకి సముద్రం పాఠం ఎందుకమ్మా" అందట. దయ లేని మాటే. ఆ గురువారమే ఇల్జె పెట్టె కట్టుకుంది. వీధి మలుపులో ఒడీలియా కావలించుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోంచే కుర్రాడూ పాస్‌పోర్టూ పుట్టుకొచ్చాయి.

ఇక కింగాని అడిగినవాళ్ళందరికీ ఒకటే మాట: "నేను ఏడింటికని చెప్పాను." అది నిజమే. దాంతో సగం వీధి సర్దుకుంది. ఇదలీనా సర్దుకోలేదు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేప కన్ను చూసి తాజాదో కాదో చెప్పిన మనిషి. శనివారం సాయంత్రం కింగా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఇదలీనా రొట్టె ముందుకి తోయలేదు. వెన్న గిన్నె కూడా తీయలేదు.

"అమ్మాయ్, ఒడీలియా కూతలు నాకొద్దు. నా ఇంట్లో ఉన్నావు గనక అడుగుతున్నా. గొడుగు కింద కూర్చున్నప్పుడు ఆ పిల్ల ఫోను నీ ఎదురుగానే ఉందా?"

"ఉంది."

"చర్చి గంటలు ఆరు కొట్టాయి. ఫోనుమీద అయిదుంది. నువ్వు చూశావా, లేదా?"

కింగా మణికట్టు మీది గడియారానికి తాళం తిప్పడం మొదలుపెట్టింది. పూర్తిగా తిరిగేదాకా తలెత్తలేదు.

"చూశాను దోనా ఇదలీనా. చెబుదామని నోరు కూడా తెరిచాను. హారను కొట్టొద్దంది. కొట్టలేదు."