రంగు పేరెత్తనివ్వని దశరథం సారు

దశరథం సారు ముందు రంగు పేరెత్తి బతికి బట్టకట్టినవాడు ఆ కాలేజీలో లేడు. రాళ్ల పాఠం చెప్పే మనిషి, ల్యాబు నిండా రంగురంగుల రాళ్లు పెట్టుకుని, ఎవరైనా ఎరుపనో పచ్చనో అంటే చాలు, అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు.

"రంగు దొంగదిరా! గీకి చూడు, బరువు చూడు, యాసిడ్ చుక్క ఏసి చూడు. రంగును మాత్రం నమ్మకు!"

నోరు జారినవాడు ల్యాబులోని బరువైన డోలరైటు బండనెత్తుకుని వరండా చుట్టి రావాలి. ఒకనాడు లింగస్వామి అనే పిల్లాడు దొరికిపోయాడు.

"ఏ బండ సార్?"

"కిటికీ కాడిది."

"గా నల్లదా సార్?"

"రెండు చుట్లు!"

పాపం, ఆయనకు ఊరితోనే చిక్కు. నల్లగొండ పేరులో నలుపు, పాత పేరు నీలగిరిలో నీలం! బస్సెక్కితే "ఆఖరి స్టాపుకు ఒక టికెట్" అనేవాడే తప్ప ఊరి పేరు చెప్పేవాడు కాదు. అంగట్లో బక్కమ్మ "టమాటలు ఎర్రగ నిగనిగలాడుతున్నయ్ సారూ" అంటే, "రంగుతోని నాకేం పని? గట్టిదనం చెప్పు" అని ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కాడు.

"పిసికినయన్నీ నువ్వే కొనాలె!" అని బక్కమ్మ గంప మొత్తం ఆయన సంచిలో బోర్లించింది. ఆ వారమంతా సారింట్లో టమాట పచ్చడే.

అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. గాలయ్య మాత్రం ఆ పిచ్చికి రోజూ మనసులోనే దండం పెట్టుకునేవాడు. ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ అతను. పుట్టుకతోనే అతని కళ్లకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఆ సంగతి బయటపడితే, నీకు రాళ్ల చదువెందుకని పంపేస్తారని హడలిపోయేవాడు. ఫేలైతే వచ్చి నాగలి పట్టమని బాపు ముందే తేల్చేశాడు. గాలయ్యకేమో రాళ్లంటే ప్రాణం. సారు చలవతో, కళ్లు మూసుకుని అరచేతిలో తూచి రాయి పేరు చెప్పేంతవాడయ్యాడు.

పందొమ్మిదివందల అరవై నాలుగులో ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి మొట్టమొదట గాలయ్యనే పిలిచి, చేతికొక రాయి ఇచ్చాడు.

"చెప్పవయ్యా, దీని రంగు చూస్తే ఏమనిపిస్తోంది?"

గాలయ్య రాయిని అరచేతిలో తిప్పాడు. రెండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న! అలవాటు కొద్దీ నోరు దానంతటదే పలికింది.

"రంగు దొంగది సార్. గీకి చూడాలె."

ఇనుప మేకుతో గీస్తే గీత పడింది. యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగింది.

"కాల్సైటు సార్!"

పరీక్షాధికారి బల్ల చరిచాడు. "శభాష్! గులాబి రంగు కనపడగానే అందరూ ఫెల్‌స్పారనేస్తారు. ఈ రాయితో ఎన్ని కాలేజీలను బోల్తా కొట్టించానో!"

ఈ కాలేజీలో ఒక్కడూ బోల్తా పడలేదు. క్లాసుకు క్లాసు గట్టెక్కింది, గాలయ్య అందరికంటే పైన నిలిచాడు. పిల్లలు సారును భుజాలకెత్తుకుని ఊరేగించారు. "దించుండ్రిరా! బరువు చూడుమన్నది రాళ్లది, నాది కాదు!" అని ఆయన పైనుంచి ఒకటే అరుపు.

సెలవులయ్యాక సారుకు దండం పెట్టి పోదామని గాలయ్య కాలేజీకొచ్చాడు. ల్యాబులోంచి, కొత్త పిల్లలకు పాఠం చెబుతున్న సారు గొంతు వినిపిస్తోంది.

"గిది చూడుండ్రి, గులాబి రంగు! గిదేమో ఆకుపచ్చ! ఎంత ముద్దుగున్నయ్!"

గాలయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది. చేరిన మొదటి వారం సారు ఆకుపచ్చ రాయి అందియ్యమంటే తను తోచినది అందించాడు. సారు తిట్టకుండా దాన్ని పక్కన పెట్టి, ఇంకో రాయి తనే తీసుకున్నాడు. ఆ మర్నాడే రంగు దొంగదైపోయింది.

"సార్... రంగు పేరెత్తొద్దంటిరి గద?"

సారు తల గోక్కున్నాడు. "రెండేండ్ల సంది ఎత్తక నోరు పడిపోయిందిరా! జర చెప్పుకోనీ!"

గాలయ్యకు నవ్వాగలేదు.

"గట్ల నిలవడ్డవేందిరా? లోపలికి రా. గీకుడెట్లనో గీ పిల్లలకు నువ్వు చూపెట్టు. రంగులు నేను చెప్త."